జారుడుబిళ్ళలు

పోకర్ సెట్టు కొత్తగా కొన్నవాళ్ళకి మొదటి ఆటలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. బిళ్ళలు దొంతరగా నిలబడవు. ఇరవై బిళ్ళలు పేర్చి, అడుగున రెండు వేళ్ళు ఆనించి ముందుకి నెడితే కింది నాలుగూ కదులుతాయి. పైవి వెనకబడి, ఒక పక్కకి ఒరిగి, బల్లంతా చెల్లాచెదురవుతాయి. క్యాసినోలో డీలరు ఇదే పని రోజుకి వందల సార్లు చేస్తాడు, దొంతర చెక్కుచెదరదు. అందులో చేతి అలవాటు కొంత ఉంది గానీ ఎక్కువ పాలు బిళ్ళదే.

జారే బిళ్ళని చూడగానే అందరికీ తట్టే ఉపాయం శాండ్‌పేపర్. నున్నగా ఉంది కాబట్టి జారుతోంది, గీకితే పట్టు వస్తుంది. వినడానికి ఇందులో తప్పేమీ కనబడదు. ఐరోపాలో మహా మేధావులు రెండు వందల ఏళ్ళకి పైగా ఘర్షణ గురించి దాదాపు ఇలాగే ఆలోచించారు. వాళ్ళ ఆలోచన ఎక్కడ దెబ్బతిందో తెలుసుకుంటే, శాండ్‌పేపర్ కంటే ముందు గిన్నెలు తోమే సబ్బు ఎందుకు బయటికి తీయాలో అర్థమవుతుంది.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక మాట. డబ్బు పెట్టి పోకర్ ఆడడాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఒప్పుకోవు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ ఆటని కూడా నిషేధంలోకి తెచ్చాయి. ఈ అధ్యాయానికి పందెంతో పని లేదు. న్యూజెర్సీలో శనివారం రాత్రి కాలక్షేపానికి ఆడుకునే తెలుగు మిత్రుల బల్ల మీదైనా, లాస్ వేగాస్‌లో లక్షల డాలర్ల బల్ల మీదైనా బిళ్ళ జారే సూత్రం ఒకటే.

బిళ్ళల పేర్లు నమ్మి మోసపోకూడదు. దుకాణాల్లో ‘క్లే’ అని అమ్మే 11.5 గ్రాముల, 14 గ్రాముల సెట్లలో చాలావాటికి మట్టితో సంబంధమే లేదు. లోపల బరువు కోసం ఒక లోహపు రేకు ఉంటుంది. దాని చుట్టూ అచ్చుపోసినది ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. లెగో ఇటుకలు 1963 నుంచి దీనితోనే తయారవుతున్నాయి. ‘సెరామిక్’ అనేవి కూడా పింగాణీ కావు, రంగు ఒంట్లోకి ఇంకేలా బొమ్మ ముద్రించిన ప్లాస్టిక్కే. నిజమైన క్యాసినో క్లే బిళ్ళ సంగతి వేరు. ఖనిజాల పొడిని బంధక పదార్థంతో కలిపి, అచ్చులో పెట్టి, వేడి చేస్తూ విపరీతమైన ఒత్తిడితో నొక్కి దాన్ని తయారుచేస్తారు. పాళ్ళు ఎవరూ బయటపెట్టరు. వ్యాసం 39 మిల్లీమీటర్లు, బరువు 8.5 నుంచి 10 గ్రాములు. అమెరికా క్యాసినోల్లో తరచుగా కనబడే పాల్‌సన్ బిళ్ళలకి అంచు చుట్టూ టోపీ, చేతికర్ర గుర్తులు ఉంటాయి. మెక్సికోలోని సాన్ లూయిస్ రియో కొలరాడోలో వాటి కర్మాగారం ఉంది. ఇంకా వెనక్కి, 19వ శతాబ్దం చివరికి వెళితే, మట్టిలో లక్క కలిపి బిళ్ళలు చేసేవారు. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే ఆ లక్కే. ఈ తేడాలు గుర్తుపెట్టుకోవాలి. ఒక రకం బిళ్ళని బాగుచేసే మందు ఇంకో రకం పాలిట విషం అవుతుంది.

ఎంత జారుతోందో కొలవకుండా వైద్యం మొదలుపెట్టకూడదు. కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక చదునైన చెక్కపలక మీద రెండు వైపులా అంటుకునే టేపుతో ఒక బిళ్ళని అంటించండి. దాని మీద రెండో బిళ్ళ పెట్టండి. పలక ఒక అంచుని నెమ్మదిగా ఎత్తండి. పై బిళ్ళ జారగానే ఆపండి. లేచిన అంచు బల్ల మీంచి ఎంత ఎత్తులో ఉందో ఒక కొలత, ఆ అంచుకి సరిగ్గా కింద బల్ల మీది చోటు నుంచి ఆనుకున్న అంచు దాకా ఎంత దూరమో ఇంకో కొలత. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే సంఖ్యే స్థైతిక ఘర్షణ గుణకం. 50 సెంటీమీటర్ల అడ్డానికి 10 సెంటీమీటర్ల ఎత్తు దగ్గర జారితే గుణకం 0.2, వాలు 11 డిగ్రీలకి కొంచెం పైన. 20 సెంటీమీటర్ల దాకా ఆగితే 0.4, వాలు దాదాపు 22 డిగ్రీలు. బిళ్ళని కొద్దికొద్దిగా తిప్పి పెడుతూ నాలుగైదు సార్లు చేసి సగటు తీసుకుంటే నమ్మకం కుదురుతుంది.

ఈ లెక్కలో బిళ్ళ బరువు ఎక్కడా రాలేదు, గమనించారా? బరువు పెరిగితే కిందికి లాగే బలం పెరుగుతుంది, పట్టి ఉంచే ఘర్షణా అదే పాళ్ళలో పెరుగుతుంది. ప్లాస్టిక్కుల విషయంలో సూత్రం ఇంత ఖచ్చితంగా ఉండదు గానీ, రెండు మూడు గ్రాముల తేడాకి పలక దగ్గర మీకేమీ కనబడదు. జారడం తగ్గుతుందని 14 గ్రాముల సెట్టుకి ఎక్కువ డబ్బు పోసేవాళ్ళు గుప్పిట్లోని బరువు తృప్తిని కొంటున్నారు, పట్టుని కాదు.

దొంతరకి కూడా ఇదే లెక్క. అడుగు బిళ్ళని నెట్టినప్పుడు పైవాటిని వెంట లాక్కెళ్ళేది బిళ్ళకీ బిళ్ళకీ మధ్య ఉన్న ఘర్షణ ఒక్కటే. ఆ ఘర్షణ ఇవ్వగలిగే త్వరణానికి ఒక హద్దు ఉంది, గుణకాన్ని గురుత్వ త్వరణంతో హెచ్చించినంత. గుణకం 0.2 అయితే ఆ హద్దు సెకనుకి సెకనుకి సుమారు 2 మీటర్లు. దొంతరలో అయిదు బిళ్ళలున్నా ఇరవై ఉన్నా హద్దు మారదు. దాన్ని దాటి వేగంగా నెడితే పైవి వెనకబడక తప్పదు. గుణకాన్ని 0.4కి తెస్తే హద్దు రెట్టింపవుతుంది. చేయి అంత జాగ్రత్తగా కదపక్కర్లేదు.

ఇప్పుడు ఆ గుణకం ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్న. 1699లో పారిస్ విజ్ఞాన అకాడమీలో గీయోమ్ ఆమోంతోన్ రెండు నియమాలు వినిపించాడు. ఘర్షణ బరువుకి అనులోమంగా పెరుగుతుంది, పైకి కనబడే తాకిడి వైశాల్యం మీద ఆధారపడదు. లియొనార్డో డా విన్చీ ఇవే సంగతులు రెండు వందల ఏళ్ళ ముందే తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు గానీ వాటిని లోకం చూడలేదు. ఘర్షణకి కారణంగా ఆమోంతోన్ చెప్పింది గరుకుతనం. ప్రతి తలం మీదా కంటికి కనబడని మిట్టపల్లాలు ఉంటాయి, ఒకదాని మిట్టలు రెండోదాని మిట్టల మీదుగా ఎక్కాలి, ఆ ఎక్కే శ్రమే ఘర్షణ. 1785 నాటికి కూలుమ్ ఎన్నో ప్రయోగాలు చేసి ఈ నియమాల్ని స్థిరపరిచాడు, కారణం విషయంలోనూ ఇంచుమించు అదే దారిలో నడిచాడు.

అనుమానాలు లేకపోలేదు. 1724లో ఇంగ్లండులో దెజాగిలియే రెండు సీసపు గోళాల్ని కాస్త చదునుగా చెక్కి, చేత్తో మెలిపెడుతూ ఒకదానికొకటి నొక్కితే అవి అంటుకుపోయాయి, విడదీయడానికి మంచి బలమే కావలసి వచ్చింది. నున్నటి శుభ్రమైన తలాలు అంటుకుంటాయంటే నునుపు జారుడుకి కారణమెలా అవుతుంది? 1804లో స్కాట్లండువాడు జాన్ లెస్లీ ఇంకో చిక్కు ప్రశ్న వేశాడు. మిట్ట ఎక్కడానికి పెట్టిన శ్రమ మిట్ట దిగేటప్పుడు తిరిగి వచ్చెయ్యాలి కదా, మరి ఘర్షణలో శక్తి ఎందుకు శాశ్వతంగా పోతోంది? ఈ ప్రశ్నకి గరుకుతనం వాదం దగ్గర సరైన జవాబు లేదు. యంత్రశాలల్లో కొలతలకి వాడే ఉక్కు దిమ్మెలు ఈ అనుమానాన్ని నిజం చేసి చూపిస్తాయి. స్వీడన్‌లో యోహాన్సన్ 1896లో రూపొందించిన ఆ దిమ్మెలు అద్దంలా నున్నగా ఉంటాయి. రెంటిని జతచేసి తిప్పుతూ నొక్కితే కరుచుకుపోతాయి.

చిక్కుముడి విప్పింది కేంబ్రిడ్జిలో ఫిలిప్ బౌడెన్, డేవిడ్ టేబర్. వాళ్ళ పుస్తకం 1950లో వచ్చింది. రెండు తలాలు తాకుతున్నాయని మనం అనుకునే చోట నిజంగా తాకేది అతి కొద్ది మిట్టల కొసలే. దీన్ని చెప్పడానికి స్విట్జర్లాండ్‌ని తలకిందులు చేసి ఆస్ట్రియా మీద పెట్టినట్టు ఊహించుకోమన్నాడు బౌడెన్. ఆ కొసల దగ్గర పదార్థం నలిగి, అణువులు అణువులకి అంటుకుంటాయి. జరపాలంటే ఆ అతుకుల్ని తెంచాలి. ఆ తెంచే బలమే ఘర్షణలో ముఖ్యభాగం. బరువు పెరిగితే ఇంకొన్ని కొసలు నలుగుతాయి, అతుకుల వైశాల్యం పెరుగుతుంది. ఆమోంతోన్ నియమాలు రెండూ ఇందులోంచే పుట్టుకొస్తాయి.

పోకర్ బిళ్ళకి ఈ లెక్క కట్టి చూడవచ్చు. 10 గ్రాముల బిళ్ళ కిందికి వేసే బలం 0.1 న్యూటన్. ఏబీఎస్ నలగడానికి కావలసిన ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 100 న్యూటన్ల ప్రాంతం. రెంటినీ భాగిస్తే నిజమైన తాకిడి వైశాల్యం చదరపు మిల్లీమీటరులో వెయ్యో వంతు. బిళ్ళ ముఖం వైశాల్యం సుమారు 1,200 చదరపు మిల్లీమీటర్లు. అంటే ముఖంలో పది లక్షల వంతుల్లో ఒక వంతు మాత్రమే కింది బిళ్ళని తాకుతోంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ పరిమాణం తెలియడానికి చాలు. ఆ కాసింత చోట ప్లాస్టిక్‌కీ ప్లాస్టిక్‌కీ నడుమ ఇంకేదైనా దూరితే కథ పూర్తిగా మారిపోతుంది.

అదేమిటో బౌడెన్, టేబర్‌ల కంటే ముందే చూపించినవాడు సర్ విలియమ్ హార్డీ. 1920ల మొదట్లో ఆయన గాజు మీదా ఉక్కు మీదా కొవ్వు ఆమ్లాల పలచటి పూతలు వేసి ఘర్షణ కొలిచాడు. ఒకే ఒక్క అణువు మందం ఉన్న పొర ఘర్షణని బాగా తగ్గించేసింది. అణువు గొలుసు ఎంత పొడవైతే అంత తగ్గింది. అంత పలచటి పొర మిట్టపల్లాల్ని పూడ్చలేదు, తలాన్ని నున్నగా చెయ్యలేదు. అతుకు పడకుండా మధ్యన అడ్డుపడుతుంది, అంతే. కొత్త పోకర్ బిళ్ళ జారడానికి కారణం చాలావరకు ఇదే. లోపం దాని నునుపులో లేదు, దాని మీదున్న కంటికి కనిపించని పొరలో ఉంది.

ఎంత పలచన? కొవ్వు ఆమ్లపు ఒక పొర మందం సుమారు 2.5 నానోమీటర్లు. బిళ్ళకి రెండు వైపులా పూయడానికి 5 మైక్రోగ్రాములకి కాస్త పైగా చాలు. 500 బిళ్ళల సెట్టు మొత్తానికి 3 మిల్లీగ్రాములు మించదు. ఒక్క చిన్న నూనె బొట్టులో పదో వంతు అంతా ఉండదు. తుడిచిన గుడ్డకి ఏమీ అంటలేదు కాబట్టి బిళ్ళ శుభ్రంగా ఉందని అనుకోవడం ఎంత పొరపాటో ఈ అంకె చెబుతుంది.

ఈ పొర మూడు దారుల్లో చేరుతుంది. అచ్చులోంచి బిళ్ళ తేలిగ్గా ఊడిరావడానికి కర్మాగారాల్లో సిలికోన్ నూనెల వంటివి కొట్టడం మామూలే. సిలికోన్ నూనె తలతన్యత చాలా తక్కువ, నీటిదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. అందుకే ఏ తలం మీద పడ్డా పాకిపోతుంది, సబ్బుకీ అంత తొందరగా లొంగదు. రెండోది ప్లాస్టిక్ లోపలే ఉంటుంది. కరిగిన ఏబీఎస్ అచ్చులో సాఫీగా పారడానికి స్టియరిక్ ఆమ్లం నుంచి తీసిన మైనాలు, లోహ స్టియరేట్లు కలుపుతారు. ఇలాంటి చిన్న అణువులు కొన్ని మెల్లగా లోపల్నించి పైకి పాకి తలం మీద చేరతాయి. పాలిథీన్ సంచుల్లో ఇదే పనికి వాడే ఎరూకమైడ్ అనే పదార్థానికి మూలం ఎరూసిక్ ఆమ్లం. మన ఆవకాయలో పడే ఆవాల్లో ఉండేదీ అదే. ప్లాస్టిక్ సంచి వేళ్ళ మధ్య సర్రున జారడంలో ఆవ జాతి గింజకి వాటా ఉందని ఎవరనుకుంటారు?

మూడో దారి మన చేతులు. విచిత్రమేమిటంటే అరచేతిలో, వేళ్ళ లోపలి వైపు నూనె గ్రంథులు లేవు. అక్కడ ఊరేది చెమటే. వేళ్ళకంటిన జిడ్డు మనం నుదురు, ముక్కు, జుట్టు తాకినప్పుడు తెచ్చుకున్నది. ఆట బిగిసినకొద్దీ ముఖం తుడుచుకోవడం, గడ్డం నిమురుకోవడం ఎక్కువవుతుంది. మధ్యలో మిరపకాయ బజ్జీలు ఉండనే ఉన్నాయి.

కాబట్టి మొదటి వైద్యం కడగడం. ఇందులో చాలామంది చేసే తప్పు ఒకటుంది, దాన్ని చెప్పాలంటే ఇద్దరు స్త్రీల కథ చెప్పాలి.

జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఆగ్నెస్ పోకెల్స్ అనే యువతి ఉండేది. ఆడపిల్లలకి విశ్వవిద్యాలయంలో చోటు లేని రోజులు. తల్లిదండ్రులకి సేవ చేస్తూ, వంటింట్లో గిన్నెలు కడిగే నీటి మీద జిడ్డు ఎలా పరుచుకుంటోందో చూస్తూ ఉండేది. ఒక రేకు తొట్టి తయారుచేసుకుని, నీటి మీద అడ్డంగా ఒక రేకుపట్టీని జరుపుతూ జిడ్డుపొరని కుదించి, తలతన్యత ఎలా మారుతుందో ఏళ్ళ తరబడి కొలిచింది. 1891లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని అనువదింపజేసి ‘నేచర్’ పత్రికకి పంపగా అదే ఏడు అచ్చయింది. ఒక అణువు మందం పొరల శాస్త్రానికి పునాది పడింది అంట్లు తోమే చోటే.

రెండో ఆమె కాథరిన్ బ్లాడ్జెట్. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో ఇర్వింగ్ లాంగ్‌మూర్ దగ్గర పనిచేసింది. నీటి మీద ఒక అణువు మందం కొవ్వు పొర పరిచి, అందులోంచి గాజు పలకని నెమ్మదిగా పైకి లాగితే ఆ పొర చెక్కుచెదరకుండా గాజుకి అంటుకుంటుందని 1930ల మధ్యలో చూపించింది. మళ్ళీ ముంచి మళ్ళీ లాగితే ఇంకో పొర. ఇలా పదుల పొరలు లెక్కపెట్టి పేర్చి, 1938లో వెలుగుని ప్రతిఫలించని గాజు తయారుచేసింది.

ఇప్పుడు బిళ్ళలు కడిగే తొట్టిని తలుచుకోండి. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, అందులో వంద బిళ్ళలు. జిడ్డు వదిలి నీళ్ళలోకి వచ్చింది, కొంత నీటి మీద తేలింది. సబ్బు చాలకపోయినా, నీళ్ళు మురికిగా ఉన్నా, తేలిన ఆ పొరలోంచి బిళ్ళని పైకి లాగినప్పుడు మనం చేస్తున్నది అచ్చంగా బ్లాడ్జెట్ ప్రయోగమే. వదిలించిన జిడ్డుని ఒక పొర మందాన జాగ్రత్తగా తిరిగి అంటిస్తున్నాం. అందుకే కొందరు ‘కడిగినా ఏం లాభం లేకపోయింది’ అంటారు. తీసేముందు తొట్టిలోకి కొళాయి వదిలి నీళ్ళు పొర్లనివ్వాలి, పైపొర ఒలికిపోవాలి. ఆపైన ఒక్కొక్క బిళ్ళనీ ధారగా పడే మంచినీటి కింద కడగాలి.

మిగతా పని తేలికే. మెత్తటి టూత్‌బ్రష్‌తో ముఖం, అంచు తోమాలి. ఒకేసారి అన్నీ కాకుండా ఇరవై చొప్పున పనిచేస్తే నీళ్ళు మార్చుకోవడం వీలవుతుంది. మధ్యలో కాగితపు స్టిక్కరు ఉన్న బిళ్ళల్ని నానబెట్టకూడదు, తడిపి తోమి వెంటనే తుడవాలి. నూలు గుడ్డతో తుడవండి, కానీ ఉతికేటప్పుడు ఫాబ్రిక్ సాఫ్టెనర్ వేసిన తువ్వాలు వద్దు. సాఫ్టెనర్ బట్టని మెత్తగా చేసేది కొవ్వు గొలుసులున్న అణువుల పొర వేసే కదా, అది బిళ్ళకీ అంటుతుంది. ఆరాక మళ్ళీ పలక ఎత్తి చూడండి.

సబ్బుకి లొంగకపోతే, ప్లాస్టిక్ బిళ్ళలకి మాత్రం, దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి ఒక్క బిళ్ళ మీద తుడిచి చూడవచ్చు. స్టిక్కరుకీ ముద్రకీ తగలనివ్వకండి. లక్క కలిసిన పాత కాలపు బిళ్ళల మీద ఈ పని చేస్తే అవి పాడైపోతాయి, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. గోళ్ళ రంగు తుడిచే ఎసిటోన్ జోలికి అసలే పోవద్దు. అది ఏబీఎస్‌నే కరిగిస్తుంది. త్రీడీ ముద్రణ చేసేవాళ్ళు తమ ఏబీఎస్ బొమ్మల్ని నున్నగా చేసుకోవడానికి పట్టించేది ఎసిటోన్ ఆవిరే. కడిగిన బిళ్ళ కొన్ని వారాలకి మళ్ళీ జారడం మొదలుపెడితే లోపలి మైనం పైకి వస్తోందని అనుమానించవచ్చు. మళ్ళీ కడగడమే.

క్లే బిళ్ళలు సేకరించేవాళ్ళు కడిగాక ఒక వింత పని చేస్తారు, మినరల్ ఆయిల్ పూస్తారు. జిడ్డు వదిలించి మళ్ళీ నూనె ఎందుకు? కడిగిన క్లే బిళ్ళ సుద్ద పూసినట్టు వెలిసిపోయి కనబడుతుంది. తలం మీది సూక్ష్మమైన గుంటల్లో గాలి చేరి, వెలుగుని అన్ని వైపులా చెదరగొట్టడమే దీనికి కారణం. మినరల్ ఆయిల్ వక్రీభవన గుణకం దాదాపు 1.47. అది గుంటల్లో నిండితే, పక్కనున్న ఘనపదార్థంతో తేడా చాలా తగ్గుతుంది, వెలుగు చెదరదు, అసలు రంగు బయటపడుతుంది. బిళ్ళ సచ్ఛిద్రం కాబట్టి నూనె లోపలికి ఇంకుతుంది. పైన మిగిలినదాన్ని పూర్తిగా తుడిచి, ఒకటి రెండు రోజులు ఆరనిస్తే పట్టు పెద్దగా చెడదు. ఈ కిటుకుని ప్లాస్టిక్ బిళ్ళకి వాడితే ఇంకడానికి గుంటలుండవు, నూనె పైనే నిలిచి బిళ్ళ మంచుగడ్డలా జారుతుంది.

అయితే క్యాసినో బిళ్ళల మీద ఆ గరుకు గళ్ళు, ఎత్తైన గుర్తులు ఎందుకు? గరుకుతనం వల్ల లాభమే లేదా? ఉంది, కానీ మనమనుకునే రకం కాదు. 1998లో ఫార్ములా వన్ పందేల నిర్వాహకులు మలుపుల్లో కార్ల వేగం తగ్గించాలనుకుని టైర్లకి గాళ్ళు పెట్టాలని నిబంధన తెచ్చారు. పట్టు తగ్గించడానికి గాళ్ళు! పొడి రోడ్డు మీద నున్నటి టైరుకే పట్టు ఎక్కువ. 2009లో నున్నటి టైర్లు తిరిగి వచ్చాయి. గాళ్ళ అవసరం వాన పడినప్పుడే. నీటి పొర పక్కకి పోవడానికి దారి కావాలి, గాళ్ళు ఆ దారి ఇస్తాయి.

బిళ్ళ మీది గరుకు కూడా నా దృష్టిలో ప్రధానంగా చేసేది అదే. జిడ్డూ చెమటా దుమ్మూ పల్లాల్లోకి తప్పుకుంటాయి, మిట్టల కొసలు శుభ్రంగా మిగిలి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఏళ్ళ తరబడి ఆడిన బిళ్ళల మిట్టలు అరిగిపోతాయి, పల్లాల్లో మురికి గట్టిపడుతుంది. సెరామిక్ రకంలో ముద్రించిన మ్యాట్ తలం మెరుపు తేలుతుంది. అప్పుడు కొద్దిపాటి జిడ్డుకి కూడా పోయే చోటు లేక అది తాకిడి స్థానంలోనే ఉండిపోతుంది. శాండ్‌పేపర్‌కి న్యాయమైన సందర్భం ఇదొక్కటే, అదీ కడిగి, కొలిచి, లాభం లేదని తేలాక.

చేసే పద్ధతి చెబుతాను, దాంతోపాటు చెయ్యకూడని చోట్లు కూడా. ముద్ర లేని మామూలు ప్లాస్టిక్ బిళ్ళ అయితే, గాజు పలక మీద పి400 రకం తడిపి వాడే శాండ్‌పేపర్ పరిచి, నీళ్ళు చల్లి, బిళ్ళని తేలిగ్గా నాలుగు చుట్లు తిప్పితే చాలు. ఆ కాగితం మీది రేణువుల సగటు పరిమాణం 35 మైక్రాన్లు, కావలసిన సన్నటి గీతలు పడిపోతాయి. గట్టిగా రుద్దితే బిళ్ళ చదును పోతుంది. క్లే బిళ్ళని, బంగారు ముద్ర ఉన్నదాన్ని, సెరామిక్‌ని గీకకండి. బొమ్మ పోతుంది, సేకర్తల దగ్గర విలువా పోతుంది. పాత క్లే బిళ్ళల్లో కొన్నిట్లో బరువు కోసం సీసం కలిపేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం పిల్లలున్న ఇంట్లో అస్సలు క్షేమం కాదు.

పొడులు, స్ప్రేల సలహాలు కూడా తిరుగుతుంటాయి. పొడి అనగానే మనకి క్యారమ్ బోర్డు గుర్తొస్తుంది. అక్కడ బోరిక్ పౌడర్ చల్లేది కాయ జారడానికి. బోరిక్ ఆమ్లపు స్ఫటికాలు పొరలు పొరలుగా ఉండి, పొర మీద పొర తేలిగ్గా జరుగుతుంది. టాల్కమ్ కూడా అదే కోవ. చెమట పీల్చుకుంటుందని దాన్ని పోకర్ బిళ్ళలకి పూసేవాళ్ళు తమ చేత్తో తామే బిళ్ళల్ని క్యారమ్ కాయలుగా మారుస్తున్నారు. వయొలిన్ కమానుకి పూసే రోజిన్ పట్టునిస్తుంది నిజమే, కానీ పేకముక్కలకి అంటుతుంది, దుమ్ము పట్టి వారంలో నల్లబడుతుంది. మ్యాట్ లక్కర్ స్ప్రేలోని ద్రావకాలు ఏబీఎస్‌ని కొరుకుతాయి, పూత గోటితో లేస్తుంది. వీటిలో ఒక్కటీ నేను సిఫారసు చెయ్యను.

ఏ కడుగుడుకీ లొంగని లోపం ఒకటి మిగిలింది. కొన్ని బిళ్ళలు అచ్చులోంచి వచ్చాక చల్లారేటప్పుడు మధ్యలో పొంగుతాయి. గాజు పలక మీద పెట్టి అంచుని వేలితో మీటితే గిర్రున తిరుగుతాయి. ఇవి దొంతరలో మధ్య బిందువు మీదే ఆనుకుంటాయి, ఘర్షణ గుణకం ఎంత బాగున్నా కొద్ది తాకిడికే పక్కకి తిరిగి దొంతరని పడగొడతాయి. వాటిని ఏరి పక్కన పెట్టెయ్యడమే.

కొత్త సెట్టు కొనేటప్పుడు పెట్టె మీది గ్రాములు, ‘క్లే’ అన్న మాట చూసి కొనకండి. నమూనా బిళ్ళలు రెండు ముందు తెప్పించుకోండి. సబ్బుతో కడిగి, కొళాయి కింద బాగా జాడించి, ఆరబెట్టి, పలక మీద పెట్టి ఎత్తండి. 15 డిగ్రీల లోపే జారితే ఆ సెట్టు వద్దు.